మెట్టినింటికి చేరిన ఓడ

ఇంగ్లండు ఈశాన్యతీరమున వియర్ అను చిన్ననది సముద్రమున కలియుచోట సండర్లాండు అను పట్టణము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ నదికి ఇరుగట్టులను ఓడలు కట్టు కార్ఖానాలు నిండియుండెను. సుత్తుల మ్రోతయు, తారు వాసనయు ఆ యూరి బాలురకు ఉగ్గుపాలతోనే అలవడినవి. అచ్చట 1864వ సంవత్సరము మే నెల 7వ తేదీన విలియం పైల్ అను ప్రసిద్ధ నిర్మాత కార్ఖానానుండి ఒక క్రొత్త ఓడ నీటిలోనికి జారెను. దానికి పెట్టిన పేరు ఆ యూరిది కాదు. ఆ దేశముదియు కాదు. భూగోళమున ఆవలిప్రక్కనున్న ఆస్ట్రేలియాలోని ఒక నగరము పేర దానికి 'సిటీ ఆఫ్ అడిలైడ్' అని నామకరణము చేసిరి. ఆంగ్లేయులు ఓడను స్త్రీగా భావించి 'ఆమె' యని చెప్పుకొందురు. ఆ మాటకు తగినట్లు ఈ ఓడకు పుట్టిననాడే మెట్టినింటి పేరు వచ్చినది.

అడిలైడు దక్షిణాస్ట్రేలియాకు ముఖ్యపట్టణము. 1836లో ఆంగ్లేయులు అచ్చట వలసరాజ్యమును స్థాపించిరి. ఆస్ట్రేలియాలోని కొన్ని యితర వలసలవలె శిక్షపడిన ఖైదీలను తెచ్చి దింపిన ప్రదేశము కాదది. తమంతట తాము బయలుదేరి వచ్చిన వారు కట్టుకొన్న ఊరు. అయినను అది ఎవరికిని చెందని బీడునేల యనుట సత్యము కాదు. కౌర్నా జాతివారు అనాదిగా ఆ మైదానమున నివసించుచుండిరి. ఓడలు వచ్చినకొలది ఆ నేల వారి చేతులనుండి జారిపోయెను. ఈ ఓడ కథను చెప్పువారు సాధారణముగా వచ్చినవారినిగూర్చియే చెప్పుదురు. తీరమున నిలిచి చూచినవారినిగూర్చికూడ ఒక్కమాట చెప్పుట న్యాయము.

ఈ ఓడ నిర్మాణమునందలి విశేషమును కొంచెము వివరముగా తెలిసికొనవలెను. ఏలయన దాని ఆయుర్దాయ రహస్యము అందే కలదు. పూర్వము ఓడలన్నియు కొయ్యతో కట్టెడివారు. పిమ్మట ఇనుపయోడలు వచ్చినవి. ఇనుము గట్టిదే కాని, నీటిలో మునిగియుండు భాగమునకు నాచు, గుల్లపురుగులు దట్టముగా పట్టును. అవి పట్టిన ఓడ, గోనెసంచి కాలికి కట్టుకొని పరుగెత్తు మనిషివంటిది. కొయ్యయోడకు అడుగున రాగికలిసిన లోహపు రేకులు తాపడము చేసినచో ఈ బాధ లేదు. ఓడపురుగులు కొయ్యను తొలుచు భయమును తప్పును. ఆ రేకులను ఇనుపయోడకు తాపడము చేయరాదా యందురేమో! ఉప్పునీటిలో రాగియు ఇనుమును ఒకదానినొకటి తాకియుండిన, ఇనుము త్వరలోనే తినివేయబడును. కావున ఆకాలపు నిర్మాతలు మధ్యేమార్గమును కనుగొనిరి. లోపలి పక్కటెముకలను ఇనుముతో చేసి, వానిపై టేకు మొదలగు గట్టి కొయ్యపలకలను బిగించి, ఆ పలకలపై పసుపువన్నె లోహపు రేకులను తొడిగిరి. ఎముకలు ఇనుము, చర్మము కొయ్య, కవచము ఇత్తడి వంటి లోహము. ఇనుప పక్కటెముకలు సన్ననివగుటచే లోపల సరకునకు చోటును ఎక్కువ దొరికెను. ఇట్టి మిశ్రమ నిర్మాణముగల వేగపుటోడలలో, అనగా క్లిప్పరులలో, నేడు మిగిలినవి రెండే. ఒకటి లండనుచెంత గ్రీనిచ్‌లో నున్న 'కట్టీ సార్క్'. అది 1869లో పుట్టినది. రెండవది దానికంటె అయిదేండ్లు పెద్దదియైన మన కథానాయిక.

పొడవు సుమారు 54 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు, మూడు కూపకములు. ఇంత చిన్నయోడ ఏటేట లండనునుండి బయలుదేరి, ఆఫ్రికాఖండపు దక్షిణాగ్రమును చుట్టి, నలుబదవ అక్షాంశమునకు దిగువ ఎడతెగక వీచు పడమటిగాలులను పట్టుకొని అడిలైడు చేరెడిది. త్రోవ సుమారు 12,000 మైళ్లు. పోవునప్పుడు మనుష్యులను, సామగ్రిని, ఉత్తరములను కొనిపోవును. వచ్చునప్పుడు గొఱ్ఱెల ఉన్నిని, గనులలోని రాగిని తెచ్చును. 1864 మొదలు 1887 వరకు ఇట్లు 23 పర్యాయములు పోయివచ్చెను. ఒకసారి 65 దినములలో గమ్యమును చేరి ఆనాటివారిచే ఔరా యనిపించుకొనెను. మామూలుగా మూడుమాసములు పట్టెడిది.

ఆ మూడుమాసములు ఎట్లుండెడివో ఊహింపవచ్చును. ధనికులకు పైభాగమున గదులు. పేదలకు క్రిందియంతస్తున వరుసగా కట్టిన బల్లలు. తుపాను వచ్చినచో పైమూతలు మూసివేయుదురు. అప్పుడు చీకటిలో, ఉక్కలో, పడియున్న పెట్టెల నడుమ, వాంతులతో ఏడ్చు బిడ్డలతో దినముల తరబడి కాలము గడపవలెను. త్రాగునీరు కొలతపెట్టి యిత్తురు. ఉప్పుమాంసము, గట్టి రొట్టెబిళ్లలు ఆహారము. ఓడమీదనే పుట్టిన బిడ్డలు కలరు. ఓడమీదనే కన్నుమూసి సముద్రగర్భమున కలిసిన బిడ్డలును కలరు. కొందరు ప్రయాణికులు వ్రాసికొన్న దినచర్యలు నేటికిని నిలిచియున్నవి. వెనుకకు తిరుగు ఉత్తరము చేరుటకు మూడునెలలు, దానికి జాబు వచ్చుటకు మరి మూడునెలలు. రేవులో చేయి ఊపిన తల్లిని మరల చూతుమను ఆశ బహుకొద్దిమందికి మాత్రమే యుండెను. ఈనాడు దక్షిణాస్ట్రేలియాలో 'మా ముత్తాత ఈ యోడలోనే వచ్చెను' అని చెప్పుకొను కుటుంబములు వేలకొలది కలవు. వారికి ఈ కొయ్యపలకలపై గల మమకారమును అర్థము చేసికొనుట కష్టము కాదు.

సముద్రము దానిని పరీక్షింపక విడువలేదు. 1874లో అడిలైడు చేరువకు వచ్చియు, తీరపుటిసుకలో చిక్కుకొనెను. కొన్నాళ్లకు బరువు దింపి దానిని లాగి తేల్చిరి. 1877లో కంగారూ ద్వీపమునొద్ద గాలివానకు చుక్కాని విరిగిపోయెను. నావికులు చేతికందిన కొయ్యలతో తాత్కాలికముగా మరియొక చుక్కానిని కూర్చుకొని రేవునకు చేరిరి.

కాని ఓడను ఓడించినది తుపాను కాదు, ఆవిరియంత్రము. 1869లో సూయజు కాలువ తెరువబడినది. ఆవిరియోడలు ఆ దగ్గరిదారిని పోసాగెను. గాలి కొరకు ఎదురుచూచు ఓడలకు ఆ కాలువ పనికిరాదు. క్రమముగా ప్రయాణికులు తగ్గిరి. 1887లో ఈ ఓడను అమ్మివేసిరి. నాటినుండి దాని బ్రతుకు, పెద్దకుటుంబమున పుట్టి చితికిపోయిన ఇల్లాలి బ్రతుకయినది. మొదట బొగ్గు మోసెను. తరువాత అట్లాంటికు మహాసముద్రము దాటి అమెరికాఖండమునుండి కలప మోసెను. 1893లో సౌతాంప్టను నగరమువారు కొని, కూపకములు తీసివేసి, అంటువ్యాధులవారికి ఆసుపత్రిగా మార్చి నీటిపై కట్టివేసిరి. ముప్పది సంవత్సరములు అది రోగుల నిట్టూర్పులు వినుచు కదలక యుండెను. ఇది అవమానమని కొందరు తలచిరి కాని, ఆ ఉద్యోగమే దానిని విరుగగొట్టువారి గొడ్డళ్లనుండి కాపాడినది. ఉపయోగపడు వస్తువును ఎవరును విరుగగొట్టరు గదా!

1923లో బ్రిటిషు నౌకాదళము దానిని కొని స్కాట్లండునకు కొనిపోయి, నావికులకు శిక్షణమిచ్చు ఓడగా చేసెను. అప్పటికే నౌకాదళములలో అడిలైడు పేరుగల యుద్ధనౌక యొకటి యుండుటచే, ఒకే పేరు రెండింటికి ఉండరాదని దీని పేరును 'క్యారిక్' అని మార్చిరి. అటుపిమ్మట 1948 మొదలు గ్లాస్గో నగరమున క్లైడు నదిపై స్వచ్ఛంద నౌకాదళాధికారుల సంఘమునకు కూటమిగృహమయ్యెను. ఎన్నో సంవత్సరములు అచ్చట విందులు, సంగీతములు జరిగెను. కడకు 1991లో ఆ నగరపు రేవులోనే, కట్టివేసిన చోటనే, నీట మునిగిపోయెను. నడిసంద్రమున మునుగని ఓడ నిలిచిన నీటిలో మునిగినది!

మరుసటి యేడు దానిని పైకెత్తి ఇర్విను అను చిన్నరేవునకు తెచ్చి, గట్టుమీది జారుబల్లపైకి లాగిరి. స్కాట్లండులోని నౌకావస్తుప్రదర్శనశాలవారు దానిని బాగుచేయుటకు పూనుకొనిరి. కొంతపని జరిగెను. ఇంతలో ధనము అయిపోయెను. జారుబల్ల స్థలముగల యజమాని స్థలమును ఖాళీచేయుడని పట్టుపట్టెను. ఓడను బాగుచేయుటకు డబ్బు లేదు. కదలించుటకు డబ్బు లేదు. అట్లే యుంచుటకును డబ్బు లేదు. అప్పుడు ఆ సంస్థవారు దానిని ఊడదీయుటకు అనుమతి కోరిరి. వింతయేమనగా, చట్టమున ఆ ఓడ చారిత్రక కట్టడముల జాబితాలో, రాజభవనములతోను దేవాలయములతోను సమానమైన మొదటితరగతిలో చేర్చబడియుండెను. కావున అనుమతిలేక ఒక్క మేకునైనను పెరుకరాదు. అనేకులు అభ్యంతరము తెలిపిరి. అనుమతి దొరకలేదు. వానలో, ఎండలో, ఎవరికిని అక్కరలేనిదై, ఎవరును ముట్టరానిదై ఆ ఓడ గట్టుమీద పడియుండెను. పలకల సందులలో గడ్డి మొలచెను.

2001లో ఎడింబరో ప్రభువు గ్లాస్గోలో ఒక సభ ఏర్పాటుచేసి నిపుణులను, వివిధ దేశములవారిని పిలిపించెను. దానికి పాత పేరునే వ్యవహరింపవలెనని ఆ సభలో నిశ్చయించిరి. కాని ఎక్కడ ఉంచవలెనను చిక్కు మిగిలెను. ఆ ప్రశ్నకు రెండు నగరములు చేయియెత్తెను.

సండర్లాండువారు ఇట్లనిరి: 'ఇది మా బిడ్డ. మా తాతలు తమ చేతులతో కట్టినది.' ఈ మాటను తేలికగా తీసివేయరాదు. ప్రపంచమున పేరుపొందిన ఆ యూరి ఓడల కార్ఖానాలు 1988లో కడపటిది కూడ మూతపడినవి. ఏ నదిగట్టున వేలమంది పనిచేయుచుండిరో అచ్చట నిశ్శబ్దము మిగిలినది. ఈ ఓడ దక్కినచో తాతల పనితనమునకు ఒక సాక్ష్యమైనను పిల్లలకు చూపవచ్చునని వారి ఆరాటము. ఆ యూరివాడొకడు 2009లో ఇర్వినుకు పోయి, ఓడమీదికెక్కి, దిగనని కూర్చుండెను.

అడిలైడువారు ఇట్లనిరి: 'మా పేరు పెట్టుకొన్నది. మా పెద్దలను తెచ్చినది. దాని యౌవనమంతయు మా రేవుతోడనే ముడిపడియున్నది.' వారు 2000 సంవత్సరమునుండియే ఒక సంఘముగా కూడి పనిచేయుచుండిరి. ఆ సంఘమున ఇంజనీర్లు, ఉద్యోగవిరమణ చేసినవారు, ఆ యోడలో వచ్చిన కుటుంబముల వంశీయులు కలరు. మాటలు చెప్పుటతో ఆగక, ఎట్లు కొనిపోవలెనో లెక్కలు వేసి పటములు గీసి సిద్ధముగా నుండిరి. 

నిజమునకు లెక్క చూచినచో, సండర్లాండులో అది గడపినది పుట్టిన కొలదినాళ్లు మాత్రమే. అడిలైడులో ఏటికి కొన్ని వారములు. అన్నిటికంటె ఎక్కువకాలము, సుమారు 90 సంవత్సరములు, ఉన్నది స్కాట్లండులో. ఉన్నచోటు ఇల్లు కావలెనన్న అదియే ఇల్లు. కాని స్కాట్లండున దానిని గట్టిగా కోరువారు లేకపోయిరి. పుట్టినింటికిని మెట్టినింటికిని ప్రేమ సమానమేయైనను, మెట్టినింటివారు పల్లకీని వెంటతెచ్చుకొనిరి. 2010వ సంవత్సరము ఆగస్టులో స్కాట్లండు ప్రభుత్వము తన నిర్ణయమును ప్రకటించెను. ఓడ అడిలైడునకు పోవలెను. సండర్లాండున ఎంతోమంది హృదయములు చివుక్కుమన్నవి. తీర్పు తప్పని చెప్పలేము. వారి దుఃఖము తప్పని అంతకంటెను చెప్పలేము.

ఇక కొనిపోవుట యెట్లు? విశాఖపట్టణపు తీరమున గట్టునకు చేర్చి ప్రదర్శనశాలగా నిలిపిన 'కుర్సురా' జలాంతర్గామిని మన పిల్లలు అనేకులు చూచియుందురు. అది ఉక్కుతో చేసినది. సముద్రమునుండి ఇసుకమీదికి ఈడ్చుటకే నిపుణులు ఎంతో శ్రమపడిరి. ఇది నూటయేబది యేండ్ల కొయ్య. నీటిలో తేలునప్పుడు ఓడను నీరు అన్నివైపుల సమముగా మోయును, తల్లి రెండుచేతులతో పసిబిడ్డను ఎత్తుకొన్నట్లు. గట్టుమీద అట్లు కాదు. బరువంతయు అడుగుదూలముపైనను, అక్కడక్కడ ఆనించిన కొయ్యలపైనను పడును. ఇరువది యేండ్లు అట్లు నిలిచిన ఓడను ఒకచోట పట్టి ఎత్తినచో విరిగిపోవచ్చును. నీటిలో తేల్చి లాగుదమన్న, సందులు విచ్చిన ఆ పలకలు నీటిని ఆపజాలవు.

అందుచే వారు ఒక ఊయలను చేసిరి. దక్షిణాస్ట్రేలియాలోని కార్ఖానాలలో ఉక్కుతో దానిని ముక్కలుముక్కలుగా తయారుచేసిరి. బరువు సుమారు 100 టన్నులు. చాలవరకు పని ధర్మార్థముగా జరిగినది. ఆ ముక్కలను ఓడలో స్కాట్లండునకు పంపిరి. ఓడను కదలింపక, దాని క్రిందనే, అటునిటు ప్రక్కలను ఆ ముక్కలను కూర్చి బిగించిరి. ఇనుప పక్కటెముకలున్నచోటనే ఊయల చేతులు ఆనునట్లు కొలతలు తీసిరి. కొయ్యపై ఒత్తిడి పడిన పలక చిట్లును, ఎముకపై పడిన భరించును. వేల మైళ్ల దూరమునుండి కొలతలు చూచి చేసిన ఊయల తీరా అమరకున్న ఏమి గతి యని ఆ ఇంజనీర్లు పడిన ఆందోళన వారికే తెలియును. అమరినది.

2013వ సంవత్సరము సెప్టెంబరులో, అనేక చక్రములుగల బండ్లు ఊయలతోసహా ఓడను మెల్లమెల్లగా, అంగుళము వెంట అంగుళముగా, చదునైన బార్జిమీదికి చేర్చినవి. బార్జిని లాగుపడవ పట్టుకొని ఇంగ్లండు చుట్టి థేమ్సు నదిలోనికి తెచ్చెను. అక్టోబరు 18వ తేదీన గ్రీనిచ్ వద్ద ఎడింబరో ప్రభువు దానికి మరల 'సిటీ ఆఫ్ అడిలైడ్' అని యథావిధిగా పేరు పెట్టెను. ఆ గట్టుననే 'కట్టీ సార్క్' నిలిచియున్నది. జాతిలో మిగిలిన రెండేరెండు ఓడలు కొలదిదినములు ఒకేయూర నుండెను. ఒకటి కూపకములతో త్రాళ్లతో అలంకరించుకొన్న మహారాణి. రెండవది రంగులేని, కూపకములేని వట్టి బొందె.

అచ్చటినుండి హాలండునకు పోయెను. విదేశపు పురుగులు, విత్తనములు తమ నేలపై అడుగుపెట్టరాదని ఆస్ట్రేలియాలో చట్టము బహు కఠినము. పాతకొయ్యలో ఏ పురుగు దాగియున్నదో! కావున ఓడను మూలమూలల శుభ్రముచేసి, పురుగులు చచ్చునట్లు పొగవేసిరి. పిమ్మట రాటర్‌డాము రేవున 'పాలన్‌పూర్' అను పెద్ద సరకుటోడమీదికి క్రేనులతో ఎత్తిరి. ఈ పేరుగల పట్టణము మన గుజరాతులో కలదు. ఒకప్పుడు ఇతరులను మోసిన ఓడను ఇప్పుడు మరియొక ఓడ మోసికొని బయలుదేరెను. నవంబరు నెలాఖరున కదలి, అమెరికాలోని నార్ఫోక్ రేవున రైలుయింజనులను ఎక్కించుకొని, గుడ్‌హోపు అగ్రమును చుట్టి, పశ్చిమాస్ట్రేలియాలో వానిని దింపి, 2014వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన అడిలైడు రేవు చేరెను. దారిలో మజిలీలు ఉన్నమాట నిజమే. కాని మొత్తము సుమారు 70 దినములు పట్టినది. గాలిని నమ్ముకొని తన యౌవనమున అది 65 దినములలో వచ్చినదని అప్పుడు ఎందరో జ్ఞప్తికి తెచ్చుకొనిరి.

1887లో ఆ రేవును విడిచిన ఓడ మరల అచ్చట నీడ వేయుటకు 127 సంవత్సరములు పట్టినది. ఒడ్డున జనము నిలిచిరి. వారిలో తమ ముత్తవ్వ ఏ యేట ఈ ఓడలో వచ్చెనో తేదీతో చెప్పగలవారు ఉండిరి.

ఓడ వచ్చినంతనే కష్టములు తీరలేదు. శాశ్వతముగా ఉంచుటకు స్థలము కుదురలేదు. ఊయలతోసహా బార్జిమీదనే కూర్చుండెను. కార్యకర్తలు ఆ బార్జికే వంతెన వేసి, వచ్చినవారిని ఎక్కించి, లోపలి ఇనుప పక్కటెముకలను, ప్రయాణికులు పడుకొన్న క్రిందియంతస్తును చూపసాగిరి. వారిలో చాలమంది జీతములేని వృద్ధులు. వారానికి కొన్నిదినములు వచ్చి తుప్పు గీకుదురు, పలకలు సవరింతురు, బడిపిల్లలకు కథ చెప్పుదురు. స్థలమును గూర్చి ప్రభుత్వముతో ఉత్తరప్రత్యుత్తరములు సంవత్సరములపాటు నడిచెను. 2019 చివర ఒకదినమున లాగుపడవలు వచ్చి, బార్జిని, దానిపై ఊయలను, ఊయలలో ఓడను కలిపి, రేవులోని రెండవ డాకునకు నెమ్మదిగా లాగుకొనిపోయినవి.